ఫొటో చుట్టూ పూల అంచు

ఉప్పల్ నుంచి వరంగల్ హైవే మీద నారపల్లి దాకా వెళ్తే దారి పొడవునా ఫ్లెక్సీలే. పుట్టినరోజు కానీ, ఓణీల ఫంక్షన్ కానీ, శ్రద్ధాంజలి కానీ, ముఖం చుట్టూ ఒక అంచు ఉండాల్సిందే.

ఈ మోజు కొత్తదేం కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలంలోనే ఫొటోలను స్టూడియో పేరు అచ్చేసిన దళసరి అట్టలకు అతికించి ఇచ్చేవారు. 1990లో వచ్చిన ఫొటోషాప్‌తో ఆ అట్ట పని కంప్యూటర్ తెర మీదికి చేరింది.

ఇలా అంచు వేసే కిటుకంతా లేయర్లలోనే, అంటే ఒకదానిపై ఒకటి పేర్చే పొరల్లోనే ఉంది. మధ్యలో ఖాళీ ఉన్న ఫ్రేమును పీఎన్‌జీ ఫైలుగా తీసుకుని పై లేయర్‌లో ఉంచాలి, ఫొటోను దాని కిందికి జరపాలి. అదే ఫ్రేము జేపీజీలో ఉంటే ఖాళీ కాస్తా తెల్లగా మారి ముఖాన్ని కప్పేస్తుంది. సైజు మార్చేటప్పుడు నిష్పత్తి చెదిరిందా, పెళ్లికూతురి ముఖం సొరకాయలా సాగుతుంది! 12×18 అంగుళాల ప్రింటుకు 300 డీపీఐ లెక్కన 3600×5400 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపడం మేలు.

ఖర్చు పెట్టక్కర్లేదు, ఫొటోషాప్ లాంటి గింప్ సాఫ్ట్‌వేర్ ఉచితం. అయితే నెమళ్లు, గులాబీలు, మెరుపులు అన్నీ ఒకేచోట కుక్కితే అసలు మనిషే కనపడడు. సన్నటి బంగారు గీత చాలు. మొదలుపెట్టే ముందు అసలు ఫొటో కాపీ ఒకటి విడిగా దాచుకోండి.