తొమ్మిది రాతి అచ్చు చిత్రములు

అరుదైన చిత్రసంపుటమేదైనను విక్రయమునకు వచ్చినదని వినగానే, దాని వెల ఎంత అన్న ప్రశ్నయే మనకు మొదట తోచును. జార్జ్ గ్రోస్ రచించిన ‘గాట్ మిట్ ఉన్స్’ అను సంపుటము విషయమున మాత్రము, ఈ కాగితములు ఇంతకాలము ఎట్లు మిగిలినవని ముందుగా అడుగుట మేలు. 1920లో బెర్లినునందలి మాలిక్ ఫెర్లాగ్ అను ప్రచురణసంస్థ దీనిని వెలువరించెను. ఇందలి చిత్రములు తొమ్మిది. అచ్చయిన ప్రతులు 125.

దీని పుట్టుక తెలియవలెనన్న ‘దాదా’ ఉద్యమమును గూర్చి కొంత చెప్పుకొనవలెను. మొదటి ప్రపంచయుద్ధము జరుగుచుండగా, 1916 ఫిబ్రవరిలో, జూరిచ్ నగరమున హ్యూగో బాల్, ఎమ్మీ హెన్నింగ్స్ అనువారలు ‘కాబరే వోల్టేర్’ను నెలకొల్పిరి. అచట చేరిన కవులును చిత్రకారులును, లక్షలాది యువకులను కందకములలో బలిపెట్టిన నాగరికత ఏ వివేకమును, ఏ సౌందర్యమును చాటుకొనుచుండెనో వాని నన్నింటిని ఎగతాళి చేయుటకు పూనిరి. 1917లో హ్యూల్సెన్‌బెక్ ఈ ధోరణిని బెర్లినుకు కొనిపోయెను. ఆకలియు ఓటమియు ముసిరిన ఆ నగరమున ఎగతాళి రాజకీయాయుధమయ్యెను.

గ్రోస్ స్వయముగా సైన్యమున పనిచేసినవాడు. ‘దేవుడు మనతో నున్నాడు’ అని అర్థమిచ్చు ఆ సంపుట నామము జర్మను సైనికుల బెల్టు బిళ్లలపై నుండిన మాటయే. అందొక చిత్రమున సైనికవైద్యుడు ఒక అస్థిపంజరమునకు చెవిగొట్టము ఆనించి పరీక్షించి, యుద్ధసేవకు తగినదేయని నిర్ణయించుచున్నాడు. చుట్టునున్న అధికారులు తమ ముచ్చటలలో తామున్నారు. చిత్రముల క్రింద మూడు భాషలలో పేర్లు కలవు; కాని అవి ఒకదానికొకటి అనువాదములు కావు. ఈ చిత్రమునకే జర్మనులో ప్రార్థనచే రోగములు కుదుర్చువారని, ఫ్రెంచిలో నిశ్చితశాస్త్రముల విజయమని, ఇంగ్లీషులో దిగ్బంధముతో పోరాడు జర్మను వైద్యులని పేర్లు. ఒక్క బొమ్మ మూడు జాతులకు మూడు విధముల వాత పెట్టినది.

ఇక ముద్రణ సంగతి. నూనెకును నీటికిని పొత్తు కుదరదన్న సామాన్యసూత్రముపై శిలాముద్రణము ఆధారపడియున్నది. జిడ్డుగల సిరాతో సున్నపురాతిపై గీసి, రాతిని తడిపినచో, అచ్చుసిరా గీతలకే అంటుకొనును. బవేరియాలో సెనెఫెల్డర్ 18వ శతాబ్ది చివర దీనిని కనుగొనెను. మన యిండ్లలో గోడల నలంకరించిన రవివర్మ బొమ్మలును ఈ విద్య ప్రసాదములే. గ్రోస్ సంపుటమున మాత్రము కలముతో గీసిన చిత్రమును ఛాయాగ్రహణముచే ఫలకముపైకి ఎక్కించిరి. కావున రాతిపై కళాకారుని చేయి నేరుగా ఆడలేదు. దాదావాదులకు అది లోపముగా తోచలేదు. ఒకే ‘అసలు’ ప్రతి యను భావమునే వారు పరిహసించిరి.

1920 వేసవిలో బెర్లినున జరిగిన మొదటి అంతర్జాతీయ దాదా ప్రదర్శనమున ఈ సంపుటమును ఉంచిరి. సైన్యమును అవమానించిరన్న అభియోగముపై 1921లో విచారణ జరిగెను. గ్రోసునకు 300 మార్కులు, ప్రచురణకర్త వీలాండ్ హెర్త్స్‌ఫెల్డెకు 600 మార్కులు జరిమానా పడెను. సంపుటమును జప్తు చేయ నాజ్ఞ వెలువడెను. ఇదంతయు వట్టి పరిహాసమని న్యాయవాది వాదించెను. ఆ వాదము గ్రోసును కాపాడినను ఆయన ఆశయమును నేలపాలు చేసినదని కుర్ట్ తుఖోల్‌స్కీ విమర్శించెను.

1933 జనవరిలో గ్రోస్ అమెరికాకు వెడలిపోయెను. పిమ్మట నాజీలు ఆయన కృతులను ‘పతిత కళ’గా నిందించి చిత్రశాలలనుండి తొలగించిరి. అచ్చయినవే కొలది, అందును ఇన్ని గండములు గడచినవి మరింత కొలది.

ఇట్టి సంపుటము అమ్మకమునకు వచ్చినపుడు తొమ్మిది పుటలును ఉన్నవా, అట్ట మొదటిదేనా, సంఖ్య వేయబడినదా అని కొనుగోలుదారు పరీక్షించును. పుటలను విడదీసి అమ్మినచో లాభమెక్కువ కావచ్చును. కాని అస్థిపంజరము ప్రక్క అధికారియు, అధికారి ప్రక్క ధనికుడును నిలిచినప్పుడే గ్రోస్ చేసిన అభియోగము పూర్తియగును. విడివిడిగా చూచిన అవి నేర్పుగల వ్యంగ్యచిత్రములు మాత్రమే. ధనికులను దూషించిన గీతలు నేడు ధనికుల గోడల కెక్కుట విపరీతమే యైనను, అవి కలసి యున్నంతకాలము వాని సాక్ష్యము చెల్లుబాటగుచునే యుండునని మేము తలంచుచున్నాము.