ట్యాంకులోని గాలికీ దారి కావాలి

మన దేశంలో మహీంద్రా సంస్థ 1940ల చివర్లో విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టింది. ఆ కోవకు చెందిన పాత జీపులు దెంకనికోట, అంచెట్టి, రాయకోట వైపు దారుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఇలాంటి బండి ఉన్నవారికి బంకు దగ్గర ఒక చిక్కు వస్తుంటుంది. డీజిల్ పోస్తుండగానే నాజిల్ టక్కుమని ఆగిపోతుంది. మళ్ళీ నొక్కితే ఒకటి రెండు లీటర్లు పోసి మళ్ళీ ఆగుతుంది. ముల్లు చూస్తే ట్యాంకు సగం కూడా నిండి ఉండదు. వెనకున్న లారీ మాత్రం హారన్ మోగిస్తూ ఉంటుంది.

పోయిన వానాకాలంలో మా బావమరిది జీపుకు ఇదే జరిగింది. టమాటా బుట్టలు దించి వస్తూ బంకులో ఆగాం. నాలుగుసార్లు నాజిల్ ఆగేసరికి అతనికి కోపం వచ్చింది. "బావా, కొలత తగ్గించడానికే వీళ్ళిలా ఆపి ఆపి పోస్తున్నారు" అని పంపు దగ్గరి కుర్రవాడి మీద కేకలేశాడు. ఆ కుర్రవాడు మారు మాట్లాడకుండా ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర తెచ్చి కొలిచి చూపాడు. కొలత సరిగానే ఉంది. అనుమానం వస్తే అలా కొలిపించుకునే హక్కు మీకూ ఉంది. కానీ నాజిల్ ఆగిపోయినంత మాత్రాన కొలతలో మోసం ఉందనుకోకూడదు.

మరి ఎందుకు ఆగుతుంది? ఇంట్లో సీసా మూతికి గరాటు బిగించి నూనె పోసి చూడండి. కాస్త దిగి గుడగుడలాడి నిలిచిపోతుంది. గరాటును రవంత పైకెత్తితే సరసరా దిగుతుంది. లోపలి గాలికి బయటకు వచ్చే సందు దొరికింది కనుక. ఖాళీ ట్యాంకు నిజానికి ఖాళీ కాదు, దాని నిండా గాలి ఉంటుంది. పంపు నిమిషానికి 40 లీటర్ల డీజిల్ పోస్తే, అదే నిమిషంలో 40 లీటర్ల గాలి బయటికి రావాలి. అందుకోసం ట్యాంకు పైభాగం నుంచి డీజిల్ పోసే గొట్టం మూతి దగ్గరికి ఒక సన్నని రబ్బరు పైపు ఉంటుంది. దాన్ని గాలి పైపు అందాం.

ఇక నాజిల్ సంగతి. దాని కొన దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. డీజిల్ పారుతున్నంతసేపూ ఆ రంధ్రం గుండా గాలి లోపలికి పోతూ ఉంటుంది. డీజిల్ పైకి వచ్చి దాన్ని మూసేస్తే గాలి అందదు. లోపలున్న పల్చని పొర వంగి మీటను విడిపిస్తుంది. గాలి పైపు మూసుకుపోయిన బండిలో, గాలి డీజిల్ పోసే గొట్టంలోంచే ఎదురు వస్తుంది. డీజిల్ నురగెత్తి గొట్టంలో నిలుస్తుంది. ట్యాంకు నిండిందని నాజిల్ పొరబడుతుంది.

ఇప్పుడు మీ బండిని ఎలా పరీక్షించాలో చూద్దాం. మొదట మరో బంకులో పోయించండి. అక్కడ సాఫీగా దిగితే లోపం మీ బండిది కాదు. ఎక్కడైనా ఆగుతుంటే, మీటను కొద్దిగా మాత్రమే నొక్కి సన్నని ధారగా పోయమనండి. సన్నని ధార దిగి, వేగంగా పోస్తేనే ఆగుతుంటే గాలి పైపును అనుమానించాలి. సన్నని ధార కూడా పైకి తన్నుకొస్తుంటే పోసే గొట్టమే మూసుకుంది. జల్లెడ ఉన్న బండిలో అందులో మురికి చేరి ఉండవచ్చు, గుడ్డపీలిక పడి ఉండవచ్చు, రబ్బరు లోపలికి నొక్కుకుపోయి ఉండవచ్చు.

గాలి పైపును మొదట కంటితో చూడండి. ఎక్కడైనా మడత పడిందా? ట్యాంకుకూ బాడీకీ మధ్య నలిగిందా? కిందికి జారి వేలాడుతున్నదా? వేలాడే వంపులో డీజిల్ నిలిచి బిరడాలా అడ్డుపడుతుంది. తర్వాత క్లిప్పులు వదులు చేసి పైపును పూర్తిగా ఊడదీసి, సైకిలు పంపుతో గాలి కొట్టండి. అవతలి కొసలో గాలి ధారాళంగా రావాలి. పాత రబ్బరు పైకి బాగానే కనిపించినా లోపలి పొర ఊడి దారి మూసేయవచ్చు. మార్చేటప్పుడు డీజిల్‌కు తట్టుకునే పైపే వేయండి. తోటకు నీళ్ళు పెట్టే పైపు డీజిల్ తగిలితే చెడిపోతుంది.

కొన్ని జాగ్రత్తలు మరవకండి. ఇంజను చల్లారాక, ఆరుబయట, బ్యాటరీ తీగ విప్పి పని చేయండి. దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు. ట్యాంకుకు కంప్రెసర్ గాలి పెట్టకండి, అతుకులు విచ్చుకోవచ్చు. నోటితో ఊదకండి. ఖాళీ ట్యాంకే కదా అని వెల్డింగుకు అసలే ఇవ్వకండి. అందులో మిగిలిన ఆవిరి అంటుకుంటే పేలుతుంది.

ఒక తేడా కూడా గమనించాలి. బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోతే అది వేరే లోపం. డీజిల్ పోసేటప్పుడు గాలి బయటికి రావాలి, వాడేటప్పుడు గాలి లోపలికి పోవాలి. రెండో పని చాలా బండ్లలో మూతలోని చిన్న రంధ్రానిది. దాన్ని శుభ్రం చేయాలి.

మా బావమరిది జీపు సంగతి చెప్పి ముగిస్తాను. ట్యాంకు పాడైంది, కొత్తది వేయాలని ఒకరు చెప్పారు. తీరా వంగి చూస్తే, అంతకు నెల ముందు ట్యాంకు కడిగి తిరిగి బిగించినప్పుడు గాలి పైపు దాని కింద నలిగింది. మూరెడు పైపుతో పని తీరింది. ఆ తర్వాత మావాడు అదే బంకుకు వెళ్ళి, ఆ కుర్రవాడితో "తప్పు నాదే తమ్ముడూ" అన్నాడు. ట్యాంకు గడగడా నిండింది.

కనుక శ్రోతలారా, నాజిల్ ఆగినప్పుడు ఎదుటి మనిషిని అనుమానించక ముందు, ట్యాంకు మార్చేందుకు డబ్బు తీయక ముందు, ఒక్కసారి వంగి ఆ చిన్న గాలి పైపును చూడండి.