మిగులు కోసమే చేసే ప్రోటీన్లు

ప్రయోగశాలల్లో పెంచే హీలా కణాలు మనిషి కణాలే. 1951లో హెన్రియెటా లాక్స్ అనే అమెరికా మహిళకు వచ్చిన కేన్సర్ గడ్డ నుంచి తీసిన కణాల వంశం అది. జోరుగా పెరిగే హీలా కణం ఒక్కటే ప్రోటీన్లను చేసే యంత్రాలైన రైబోజోముల ఉపభాగాలను నిమిషానికి సుమారు 7,500 తయారుచేస్తుంది. అందుకు నిమిషానికి 3 లక్షల దాకా ప్రోటీన్ అణువులు కావాలి. వాటిని చేసిపెట్టేదీ అప్పటికే ఉన్న రైబోజోములే.

మన రైబోజోములో నాలుగు ఆర్‌ఎన్‌ఏ పోగులు, 80 రకాల ప్రోటీన్లు ఉంటాయి. చిన్న ఉపభాగానికి 33, పెద్దదానికి 47. ఆర్‌ఎన్‌ఏ కేంద్రకంలోనే పుడుతుంది. ప్రోటీన్లు మాత్రం బయట కణద్రవ్యంలో తయారై, కేంద్రక పొర రంధ్రాల గుండా లోపలికి రావాలి. ఈ ప్రయాణం అంత సులువు కాదు. వీటిలో చాలావాటికి ధనావేశం, ఆర్‌ఎన్‌ఏకేమో ఋణావేశం. వాటి మానాన వదిలేస్తే దారిలో తగిలిన ఏ ఆర్‌ఎన్‌ఏకైనా అంటుకుపోతాయి, లేదా ముద్దకడతాయి. అందుకని కొన్నింటిని పుడుతుండగానే తోడు ప్రోటీన్లు పట్టుకుని కేంద్రకంలోని కేంద్రకాంశం దాకా దిగబెడతాయి. అక్కడ 200కు పైగా సహాయక ప్రోటీన్ల సాయంతో ఆర్‌ఎన్‌ఏ మడతపడేకొద్దీ ఒక్కొక్కటీ తన చోట కుదురుకుంటుంది. ఉపభాగాలు విడివిడిగానే బయటికి వస్తాయి.

మరి 80 రకాలూ సరిసమానంగా అందేలా కణం ఎలా చూసుకుంటుంది? అసలు విశేషం ఇక్కడే ఉంది. అది అంత కచ్చితంగా కొలవదు. కావలసినదానికన్నా ఎక్కువే చేసి, మిగిలినవాటిని నాశనం చేస్తుంది. హీలా కణాల్లో రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపేసినా ప్రోటీన్లు మామూలుగానే తయారవుతాయనీ, కాకపోతే వెంటనే విచ్ఛిన్నమైపోతాయనీ జోనాథన్ వార్నర్ 1977లో చూపించారు. ఆ విచ్ఛిన్నం ఎక్కడ జరుగుతుందో 2007లో స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో ఆంగస్ లామండ్ బృందం పట్టుకుంది. ప్రోటీన్లను ముక్కలుచేసే ప్రోటియాజోమును మందుతో అడ్డుకోగానే రైబోజోమ్ ప్రోటీన్లు కేంద్రకంలోనే పేరుకుపోయాయి.

ఇది దుబారా అనిపించవచ్చు. నేనలా అనుకోను. 80లో ఒక్కటి అందకపోయినా ఆ ఉపభాగం పని అక్కడే నిలిచిపోవచ్చు. అలా ఆగిపోవడంతో పోలిస్తే మిగిలినవాటిని పారేయడం చవక. పైగా మిగిలినవాటికీ పనుంది. కూర్పు చెడినప్పుడు చోటు దొరకని ఆర్‌పీఎల్5, ఆర్‌పీఎల్11 ప్రోటీన్లు, రైబోజోములోని 5ఎస్ ఆర్‌ఎన్‌ఏతో కలిసి ఎండీఎం2 అనే ప్రోటీన్‌ను బంధిస్తాయి. పీ53 అనే మరో ప్రోటీన్‌ను అదుపులో ఉంచేది ఆ ఎండీఎం2యే. పట్టు సడలగానే పీ53 పెరిగి కణ విభజనను ఆపుతుంది.

డైమండ్-బ్లాక్‌ఫాన్ రక్తహీనతలో పసిబిడ్డలకు జరిగేది చాలావరకు ఇదే. రైబోజోమ్ ప్రోటీన్లలో ఒకదానికి మూలమైన ఆర్‌పీఎస్19 జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడినా ఈ జబ్బు రావచ్చని 1999లో తేలింది. లోపం ఒంట్లోని ప్రతి కణంలోనూ ఉంటుంది, దెబ్బ మాత్రం ముందు ఎర్ర రక్తకణాలుగా మారే కణాలకే తగులుతుంది. హిమోగ్లోబిన్ కోసం గ్లోబిన్‌ను కుప్పలుగా తయారుచేయాల్సిన ఆ కణాలకు రైబోజోముల కొరతను తట్టుకునే వెసులుబాటు తక్కువ.