ఎలుగుబంటి పేరున్న తెలుగు ఫాంట్.. ‘బాలూ తమ్ముడు’ ఎక్కడ వాడాలి? ఎక్కడ వద్దు?

టిఫిన్ సెంటర్ బోర్డు, బర్త్‌డే ఫ్లెక్సీ, యూట్యూబ్ థంబ్‌నెయిల్.. ఎక్కడ చూసినా లావుగా, బొద్దుగా, మూలలు మెత్తగా ఉండే అక్షరాలే. తెలుగులో ఈ తరహా ఫాంట్లలో ఒకటి ‘బాలూ తమ్ముడు’. దీన్ని ఎలా వాడుకోవాలో చూద్దాం.

పేరు వెనుక కథ ఇదీ..

ముంబైకి చెందిన ఏక్ టైప్ సంస్థ ఈ ఫాంట్‌ను తయారు చేసింది. 1894లో వచ్చిన కిప్లింగ్ ‘జంగిల్ బుక్’లోని ఎలుగుబంటి పేరే బాలూ. తెలుగులో తమ్ముడైన ఈ ఫాంట్ తమిళంలో తంబి, మలయాళంలో చేట్టన్, గుజరాతీలో భాయ్!

స్నేహంగా ఎందుకు కనిపిస్తుంది?

గీత మందంగా ఉంటుంది. పదునైన మూలలు ఉండవు. అందుకే దూరం నుంచి చూసినా, ఫోన్ స్క్రీన్ మీద చిన్నగా కనిపించినా కన్ను ఇట్టే పట్టేస్తుంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దమ్మపేటలో ఎవరైనా టిఫిన్ సెంటరో, పిల్లల బట్టల షాపో పెడితే బోర్డుకు ఇలాంటి అక్షరాలు చక్కగా సరిపోతాయి. అంగన్‌వాడీ గోడ మీదా బాగుంటాయి.

చిక్కు ఎక్కడంటే..

ప-ఫ మధ్య తేడా కింద ఉండే చిన్న గీతే. అక్షరం లావై, సైజు తగ్గితే ఆ గీత కలిసిపోతుంది. అప్పుడు ‘టిఫిన్’ కాస్తా ‘టిపిన్’ అవుతుంది. పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. కాబట్టి రెండు మూడు మాటలకే వాడాలి, లైన్ల మధ్య ఖాళీ ఎక్కువ ఇవ్వాలి. ‘బాలూ తమ్ముడు 2’లో 5 మందాలు ఉన్నాయి. చిన్న సైజుకు పలచటిది ఎంచుకోవచ్చు.

ఇక్కడ మాత్రం వద్దు

దమ్మపేట అడవి అంచు మండలం. ఇదే జిల్లాలోని కిన్నెరసాని అభయారణ్యంలో నిజమైన ఎలుగుబంట్లే ఉన్నాయి. ‘ఎలుగుబంటి తిరుగుతోంది.. జాగ్రత్త’ అనే బోర్డును ఈ ముద్దొచ్చే అక్షరాల్లో రాస్తే జనం సీరియస్‌గా తీసుకోకపోవచ్చు. కరెంటు ప్రమాదం, పురుగుమందు హెచ్చరిక, మందుల మోతాదు లాంటి వాటికీ అంతే. అక్కడ కావాల్సింది ముచ్చట కాదు, స్పష్టత. సాదా అక్షరాలే మేలు.

డబ్బులు కట్టాలా?

అక్కర్లేదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. వ్యాపారానికీ వాడుకోవచ్చు. ఫాంట్‌ను మాత్రం విడిగా అమ్మకూడదు. ఇది యూనికోడ్ ఫాంట్ కాబట్టి ఫోన్‌లో టైప్ చేసిన తెలుగును నేరుగా వాడొచ్చు. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వత్తులు విడిపోతే తప్పు ఫాంట్‌ది కాకపోవచ్చు. భారతీయ భాషల సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి.

ప్రింట్‌కు ఇచ్చే ముందు డిజైన్‌ను ఫోన్‌లో బొటనవేలంత చేసి చూడండి. వత్తులు, గుడులు చదవగలిగితే ఓకే. లేదంటే సైజు పెంచండి, లేదా మాటలు తగ్గించండి.