గేమింగ్ లాప్‌టాప్ ఎంపిక: తరువాత మార్చలేని భాగాలకే తొలి ఖర్చు

బళ్ళారి జిల్లా సరిహద్దు గ్రామాలలో పి.యు.సి. లేదా ఇంటర్మీడియట్ ముగించిన పిల్లలు ఇంజనీరింగ్‌లో చేరే వేళకు ఇంటిలో లాప్‌టాప్ ప్రస్తావన తప్పక వస్తుంది. ఆటలు కూడా ఆడగలిగినది కావాలని పిల్లలు కోరుతారు. చదువుకు కొనే వస్తువులో ఆటల ఊసు ఎందుకని పెద్దలు సందేహిస్తారు. ఈ సందేహానికి సమాధానం సులభమే. ఆటలోని బొమ్మలను వేగంగా గీసే గ్రాఫిక్స్ చిప్పే ఇంజనీరింగ్ విద్యార్థి త్రీడీ డిజైన్లకు, వీడియో ఎడిటింగుకు, కృత్రిమ మేధ పాఠాలకు కూడా ఉపకరిస్తుంది. కాబట్టి అటువంటి చదువు చదివేవారికి గేమింగ్ లాప్‌టాప్ వృథా వ్యయం కాదు. బి.కాం., బి.ఏ. విద్యార్థులకు మాత్రం సాధారణ లాప్‌టాప్ చాలును. వాలొరాంట్ వంటి ఆటలు ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్‌తో కూడా నడుస్తాయి.

అసలు చిక్కు దుకాణంలో ఎదురవుతుంది. ఒకే పేరు గల మోడల్ నాలుగైదు రకాలుగా లభిస్తుంది. పైకి అన్నీ ఒకేలా కనబడినా ధరలో వేల రూపాయల తేడా ఉంటుంది. బ్యాడగిలో మిరప, ఆదోనిలో పత్తి అమ్మగా వచ్చిన సొమ్ముతో నాలుగేళ్ళకు ఒకసారి చేసే కొనుగోలు ఇది. ఇక్కడ గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: తరువాత మార్చలేని భాగాలకు ముందుగా ఖర్చు పెట్టాలి, తరువాత చేర్చుకోగలిగిన వాటిని అవసరాన్ని బట్టి చూసుకోవచ్చు. గ్రాఫిక్స్ చిప్, ప్రాసెసర్ దాదాపు అన్ని లాప్‌టాప్‌లలోనూ బోర్డుకే అతికించి ఉంటాయి. తెరను మార్చడం కూడా ఖర్చుతో కూడిన పని. ర్యామ్, ఎస్ఎస్‌డీ మాత్రం అనేక గేమింగ్ లాప్‌టాప్‌లలో విప్పి మార్చుకోవచ్చు.

గ్రాఫిక్స్ చిప్: పేరు ఒక్కటే చాలదు

ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4050 అనే పేరు చూసి రెండు లాప్‌టాప్‌లు సమానమని భావించరాదు. ఈ చిప్పుకు లాప్‌టాప్ తయారీదారు 35 వాట్ల నుండి 115 వాట్ల వరకు ఎంతైనా విద్యుత్తు కేటాయించవచ్చు. ఒకే ఇంజను ఉన్న రెండు ట్రాక్టర్లలో ఒకదానికి డీజిల్ తగ్గించి ఇచ్చినట్లే, తక్కువ వాట్ల లాప్‌టాప్ నెమ్మదిగా పనిచేస్తుంది. పలుచని లాప్‌టాప్‌లలో ఈ కోత ఎక్కువగా కనిపిస్తుంది. ఈ వాట్ల సంఖ్యను టీజీపీ అంటారు. దుకాణంలోని చీటీ మీద అది లేకపోతే కంపెనీ వెబ్‌సైటులోని పూర్తి వివరాలలో వెదకాలి.

చిప్పుకు గల సొంత మెమరీ మరొక ముఖ్యాంశం. ఆర్‌టీఎక్స్ 2050లో 4 జీబీ, 4050లో 6 జీబీ, 4060, 5050, 5060లలో 8 జీబీ ఉంటుంది. దీనిని తరువాత పెంచే వీలు లేదు. తేలిక ఆటలకు 4 జీబీ సరిపోవచ్చును గాని, నాలుగేళ్ళు వాడదలచిన వారు 6 జీబీకి తగ్గకుండా, వీలైతే 8 జీబీ తీసుకోవడం మేలు.

ప్రాసెసర్, తెర

చాలా ప్రాసెసర్ల పేరు చివర ఒకటి రెండు అక్షరాలు ఉంటాయి. 'యు' అంటే తక్కువ విద్యుత్తుతో నడిచేది. 'హెచ్', 'హెచ్ఎస్', 'హెచ్ఎక్స్' అంటే బరువైన పనికి ఉద్దేశించినవి. ఆటల నిమిత్తం ఇంటెల్ ఐ5 లేదా ఏఎండీ రైజెన్ 5 తరగతి హెచ్ రకం చాలును. ఐ7కు పెట్టే అదనపు సొమ్మును మేలైన గ్రాఫిక్స్ చిప్పుకు మళ్ళిస్తే ఆటలలో ఫలితం ఎక్కువగా కనబడుతుంది.

ధర తగ్గించిన రకాలలో కోత పడే మరొక భాగం తెర. 144 హెర్ట్జ్ అంటే తెర మీది బొమ్మ సెకనుకు 144 సార్లు మారుతుందని అర్థం. వేగమైన ఆటలకు ఇది ఉపయోగమే. అయితే అంతకంటే ముందు వెలుగును చూడాలి. 250 నిట్ల తెర పగటివేళ వసారాలో మసకగా కనిపిస్తుంది. 300 నిట్లకు పైబడినది నయం. డిజైన్ పని చేసేవారు రంగుల విషయంలో 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న తెరను అడగాలి.

ర్యామ్, ఎస్ఎస్‌డీ: అడగవలసిన ప్రశ్నలు

నేటి ఆటలకు 16 జీబీ ర్యామ్ కావాలి. 8 జీబీతో కొనదలచినవారు మూడు ప్రశ్నలు అడగాలి. ర్యామ్ బోర్డుకు అతికించి ఉన్నదా? స్లాట్లు ఎన్ని? వాటిలో ఖాళీ ఉన్నదా? అతికించినదైతే ఉన్నదే శాశ్వతం. స్లాటు ఖాళీగా ఉంటే మరొకటి చేర్చుకోవచ్చు. అంతే పరిమాణం గల రెండు ర్యామ్‌లు జంటగా పనిచేసినప్పుడు వేగమూ పెరుగుతుంది. అయితే 2025 చివరి నెలల నుండి ర్యామ్ ధరలు గణనీయంగా పెరిగాయి. కనుక విడిగా కొంటే ఎంతవుతుందో, ముందే 16 జీబీ ఉన్న రకానికి ఎంత ఎక్కువ అడుగుతున్నారో పోల్చి చూసిన తరువాతనే నిర్ణయించాలి.

ఎస్ఎస్‌డీ విషయంలో 512 జీబీ తొలి అవసరానికి చాలును. కౌంటర్ స్ట్రైక్ 2 ఒక్కటే 85 జీబీ స్థలం అడుగుతుంది. కొన్ని పెద్ద ఆటలు 100 జీబీని మించుతాయి. కాబట్టి రెండవ ఎం.2 స్లాటు ఉన్న మోడల్ దొరికితే మరీ మంచిది.

బళ్ళారి ఎండ, గ్రామాల కరెంటు

ప్రకటనలలో కనబడని రెండు విషయాలు ఈ ప్రాంతంలో ముఖ్యమైనవి. బళ్ళారి వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. పలు కంపెనీలు తమ లాప్‌టాప్‌లు పరిసరాలలో 35 డిగ్రీల వరకు ఉన్నప్పుడు వాడదగినవని పత్రాలలో పేర్కొంటాయి. వేడి పెరిగితే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అంటే ఖర్చు పెట్టి కొన్న శక్తి మధ్యాహ్నం పూట అందదు. కాబట్టి సన్నదనానికి ఆశపడక, రెండు ఫ్యాన్లు, విశాలమైన గాలి రంధ్రాలు ఉన్న మోడల్‌ను ఎంచుకోవడం తెలివైన పని. పరుపు మీద ఉంచి ఆడితే అడుగునున్న రంధ్రాలు మూసుకుపోతాయి. నల్లరేగడి దుమ్ము, గనుల దారుల ఎర్ర దుమ్ము ఫ్యాన్లలో పేరుకుంటాయి గనుక ఏడాదికి ఒకసారైనా శుభ్రం చేయించాలి.

గేమింగ్ లాప్‌టాప్ ఛార్జర్లు సాధారణంగా 150 నుండి 240 వాట్ల వరకు ఉంటాయి. కరెంటు పోగానే ఆట నెమ్మదిస్తుంది, బ్యాటరీ త్వరగా తరుగుతుంది. ఇంటి ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమా, ఫ్యాన్లు, దీపాలతో పాటు ఈ భారమూ మోయగలదా అన్నది ముందే చూసుకోవాలి. ఎర్తింగ్ సరిగా ఉన్న మూడు పిన్నుల సాకెట్టు తప్పనిసరి.

సరిహద్దు దాటితే లాభమా?

ఒకప్పుడు పన్ను తేడా కోసం పొరుగు రాష్ట్రంలో కొనే ఆలోచన ఉండేది. 2017 జూలై 1న జీఎస్‌టీ అమలులోకి వచ్చిన తరువాత కర్ణాటకలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ లాప్‌టాప్‌పై పన్ను 18 శాతమే. ధరలో తేడా ఉంటే అది దుకాణదారుడు ఇచ్చే తగ్గింపు వల్లనే. కనుక గుంతకల్లుకు వెళ్ళాలా, బళ్ళారిలోనే కొనాలా అన్న ప్రశ్నకు సర్వీసు అందే దూరమే సమాధానం చెబుతుంది. ఇంటికే వచ్చి బాగుచేసే వారంటీ ఉన్నదని చెప్పినప్పుడు, అది తమ గ్రామం పిన్‌కోడుకు వర్తిస్తుందో లేదో కొనకముందే కంపెనీ ద్వారా తెలుసుకోవాలి. బిల్లు మీద సీరియల్ నంబరు తప్పక వ్రాయించుకోవాలి.

విండోస్ లేకుండా అమ్మే లాప్‌టాప్ చౌకగా కనబడుతుంది. విండోస్ విడిగా కొంటే ఆ చౌకదనం మిగలకపోవచ్చు. తెలుగు, కన్నడ టైపింగుకు మాత్రం పైసా ఖర్చు లేదు. రెండు భాషల ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులూ విండోస్‌లోనే ఉన్నాయి. రెండింటిలోనూ 'క' ఒకే మీట మీద ఉంటుంది గనుక ఒక భాషలో నేర్చినవారికి రెండవది సులభంగా పట్టుబడుతుంది.

డబ్బు పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. వాటికీ గేమింగ్ లాప్‌టాప్‌కూ సంబంధం లేదు. అటువంటివి ఏ ఫోనులోనైనా చొరబడగలవు. ఆ జాగ్రత్త వేరు, ఈ కొనుగోలు వేరు.

దుకాణానికి వెళ్ళేముందు తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఒక కాగితం మీద గ్రాఫిక్స్ చిప్ పేరు, దాని వాట్లు, దాని మెమరీ, తెర వెలుగు, ర్యామ్ స్లాట్లు, సర్వీసు అందే ఊరు అనే ఆరు విషయాలు వ్రాసుకోవాలి. నచ్చిన ప్రతి మోడల్‌కూ ఈ ఆరింటినీ నింపి, పక్కన ధర వేస్తే ఏది ఎందుకు ఎక్కువో కళ్ళకు కడుతుంది. ఏ గడికైనా దుకాణదారుడు సమాధానం చెప్పలేకపోతే, అది తెలిసేదాకా డబ్బు చెల్లించకుండా ఆగడమే మంచిది.