సైకిలుకు భయపడే బిడ్డ



బిడ్డకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో వస్తాయి. వీధిలో తోటిపిల్లలందరూ సైకిళ్లమీద తిరుగుతుంటారు. మన బిడ్డ మాత్రం గుమ్మంలో నిలబడి చూస్తుంటాడు. ముచ్చటపడి కొన్న సైకిలు గోడకు ఆనుకొని ఉంటుంది. అప్పుడు మన నోట వచ్చే మొదటిమాట ఏమిటి? "ఎదురింటి పిల్ల నీకంటే చిన్నది, ఎలా తొక్కుతోందో చూడు!" ఈ మాట విని ధైర్యం తెచ్చుకొన్న బిడ్డను నేనెన్నడూ చూడలేదు.

ఉక్కునగరంలో ఒక కుటుంబాన్ని దర్శించినప్పుడు ఆ ఇంటి తండ్రి, "అయ్యగారూ, వీడికి పదేళ్లు. ప్రతి ఆదివారం సాయంత్రం రోడ్డుమీదికి తీసుకెళ్తున్నాను. పెడలుమీద కాలే పెట్టడు" అన్నాడు. తరువాత అబ్బాయిని పక్కకు పిలిచి అడిగాను. "పడితే దెబ్బ తగులుతుందనా, బాబూ?" "అది కాదండీ. పడితే నాన్న అందరిముందూ తిడతారు." అబ్బాయి సరేనన్న తరువాతే ఆ సంగతి తండ్రికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి వారంనుండి బి షిఫ్టుకు వెళ్లేముందు, జనం లేని ఉదయపు వేళ కొడుకును తీసుకొని వెళ్లసాగాడు.

కాబట్టి మొదట భయమెక్కడున్నదో తెలుసుకోవాలి. ఆ తరువాతే సైకిలు సంగతి.

1817లో జర్మనీ దేశస్థుడు కార్ల్ డ్రైస్ తయారుచేసిన రెండు చక్రాల బండికి పెడళ్లే లేవు. దానిమీద కూర్చొని కాళ్లతో నేలను తన్నుకుంటూ ముందుకు సాగేవారు. పెడళ్లు ఫ్రాన్సులో 1860లలో వచ్చాయి. బిడ్డకు కూడా ఇదే వరుసలో నేర్పవచ్చును. పెడళ్లు విప్పించండి. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేటట్లు సీటు దించండి. నేలను తన్నుకుంటూ కొన్నాళ్లు తిరగనివ్వండి. బండి ఎటు ఒరిగితే అటు హ్యాండిల్ తిప్పడం, బ్రేకు పట్టడం అలవాటైన తరువాత పెడళ్లు బిగించండి.

చోటు విషయంలో జాగ్రత్త అవసరం. మన విశాఖలో ఎత్తుపల్లాలు ఎక్కువ. నిటారు దిగుడు వద్దు. పోర్టుకు లారీలు వెళ్లే దారులు, గాజువాక వైపు హైవే అసలే వద్దు. ఉక్కునగరం సెక్టార్లలోని లోపలి వీధులు, ఆటస్థలాలు మంచివి. ఆర్‌.కె. బీచ్ రోడ్డులో ఉదయం వాహనాలను ఆపే సమయం అనుకూలమే గాని, రోడ్డుమీద పేరుకొన్న ఇసుకలో చక్రం జారుతుంది. సముద్రపు గాలికి చైను, బ్రేకు తీగలు త్వరగా తుప్పు పడతాయి. బ్రేకు బిగుసుకొన్న సైకిలు ఏ బిడ్డనైనా భయపెడుతుంది. నూనె వేయించండి. హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి, వెనుకకు జారకూడదు.

"వయసు దాటిపోతున్నదే!" అని కొందరు తల్లులు బాధపడతారు. 1990ల తొలినాళ్లలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు వేలాదిమంది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకొన్నారు. పెళ్లయి పిల్లలున్నవారు కూడా నేర్చుకొన్నారు. మీ బిడ్డకు ఇంకా ఎంతో సమయమున్నది. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. బిడ్డ "ఇక చాలు" అంటే ఆపండి. తానుగా ఆపగలనని తెలిసినవాడు మరునాడు తానుగా వస్తాడు.

చివరిగా ఒక మాట. "పట్టుకొనే ఉన్నాను, తొక్కు" అంటూ చెప్పకుండా సీటు వదిలేయడం మనలో చాలామందికి అలవాటు. కొందరు పిల్లలు అలాగే నేర్చుకొంటారు, నిజమే. కాని భయస్తుడైన బిడ్డ వెనుదిరిగి చూసి, నాన్న పది గజాల దూరంలో కనబడితే, ఆ రోజు నేర్చుకొనేది నాన్న మాటను నమ్మరాదని. "ఇప్పుడు వదులుతున్నాను, పక్కనే పరుగెత్తుతాను" అని చెప్పి వదలండి. చెప్పినట్లే పరుగెత్తండి. రేపు హాస్టలుకో, దూరపు ఉద్యోగానికో పంపేటప్పుడు మీరిచ్చే మాటను ఆ బిడ్డ నమ్మవలసి ఉంటుంది.