సంగటి మొదలు పాశం వరకు: ఇంటిల్లిపాదికీ ఒకే వంట

“పథ్యం చెప్పండి స్వామీ, చేస్తాను. కాని ఒక్కరి కోసం ఇంకో పొయ్యి ఎట్లా పెట్టేది?” మధుమేహంతో నా వద్దకు వచ్చేవారి భార్యలు, కోడళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ప్రశ్న న్యాయమైనదే. మామగారికి చక్కెర వ్యాధి, కోడలికి గర్భం, పసివాడికి ఎదిగే వయసు, ఇంటి యజమానికి పొలం పని. నలుగురికి నాలుగు వంటలు వండవలసి వస్తే ఆ పథ్యం నాలుగు దినాలు కూడా నిలువదు. అందుచేత వంట ఒకటిగానే ఉంచి, వడ్డనలో ఎవరికి తగినది వారికి అందించే విధానాన్ని ఈ వ్యాసంలో వివరిస్తాను.

మా నేల, మా ధాన్యం

తుమ్మలపల్లె కడప జిల్లా వేముల మండలంలోని మెట్ట ప్రాంతపు గ్రామం. వాన తక్కువ కనుక మా పెద్దల కంచంలో రాగులు, జొన్నలు, సజ్జలు, కొర్రలు, అరికెలు ఉండేవి. వరి అన్నం పండుగకో చుట్టాల రాకకో వండేవారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చి ఎందరో పేదల ఆకలి తీర్చింది. ఆ మేలు మరువరానిది. అయితే క్రమంగా మూడు పూటలా తెల్ల బియ్యమే కంచంలో నిలిచి, చిరుధాన్యాలు చాలా ఇళ్లనుండి తొలగిపోయాయి. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత పట్టణాల్లో వాటికి మళ్లీ గిరాకీ కలిగింది. ఇప్పుడు కావలసింది గిరాకీ కంటె వాడే తీరు తెలియడం.

ధాన్యం ఒక్కటే చాలదు

చరకాచార్యుడు విమానస్థానంలో ఆహారవిధికి ఎనిమిది విషయాలు చెప్పాడు. అవి ద్రవ్యస్వభావం, సంస్కారం, సంయోగం, పరిమాణం, దేశం, కాలం, భుజించే నియమం, భుజించే వ్యక్తి. గురుకులంలో మాకు ఈ పాఠం తాళపత్రాల ఎదుట కొంత, వంటశాలలో కొంత జరిగేది. ఒకే ధాన్యం వండే తీరును బట్టి, జోడించే పదార్థాన్ని బట్టి గుణం మార్చుకుంటుందని అక్కడే బోధపడింది.

కొర్రలనే చూడండి. విరిగిన ఎముకలు అతుకుకోవడానికి తోడ్పడుతుందని, కఫాన్ని హరిస్తుందని భావప్రకాశం కొర్రను మెచ్చుకుంది. రూక్షమని, వాతాన్ని పెంచుతుందని కూడా అక్కడే హెచ్చరించింది. మా అవ్వలు శాస్త్రం చదువలేదు. అయినా కొర్రన్నంలో నేయి వేసేవారు, జొన్నరొట్టెకు వేరుశనగ ఊరుబిండి జోడించేవారు, భోజనం చివర మజ్జిగ పోసేవారు. ఆ స్నిగ్ధత వలన రూక్షదోషం తగ్గుతుంది. ఈ సంయోగాన్ని విడిచి, చిరుధాన్యం మంచిదట అని పొడిగా తినేవారికే మలబద్ధకం, కడుపుబ్బరం కలుగుతున్నాయి.

సంగటి

నలుగురికి ఒక గ్లాసు బియ్యపు నూక, రెండు గ్లాసుల రాగిపిండి, ఆరు గ్లాసుల నీరు కావలెను. నూకను అరగంట నానబెట్టి, ఎసరు మరిగాక వేసి మెత్తగా ఉడికించవలెను. పిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా, తెడ్డు కాడతో ఒక గుంట చేసి మూత పెట్టవలెను. సన్నని సెగపై పది నిమిషాలు మగ్గిన తరువాత దించి, ఉండలు లేకుండా తెడ్డుతో గట్టిగా ఎనపవలెను. నూకకు బదులుగా రెండు గంటలు నానిన కొర్రలు వాడితే మధుమేహం గలవారికి మరింత అనుకూలం.

నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో అది పది మిల్లీగ్రాముల ప్రాంతం. కనుక గర్భిణికి, ఎదిగే బిడ్డకు సంగటి మేలు. కాని మధుమేహం గలవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మెత్తని పిండిగా ఉడికిన రాగి కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది. “అన్నం మానేశాను, సంగటే తింటున్నాను” అంటూ రెండు పెద్ద ముద్దలు తింటే ఫలితం శూన్యం.

వడ్డన ఇలా ఉండవచ్చు. పొలం పని చేసేవారికి రెండు ముద్దలు. మామగారికి చిన్న ముద్ద ఒకటి, దానికి రెట్టింపు పుల్లగూర, పప్పు. పళ్లు లేని అవ్వకు అదే సంగటి మజ్జిగలో పలుచగా కలిపి. పసివాడికి నేయి, పప్పు చేర్చి. ఉలవచారు వేడి చేసే గుణం కలది కనుక గర్భిణికి, ఆమ్లపిత్తంతో బాధపడేవారికి తక్కువగా వేయాలి. ఉదరంలో రెండు భాగాలు ఘనాహారానికి, ఒకటి ద్రవానికి, ఒకటి వాయువు సంచారానికి అని వాగ్భటుడు చెప్పిన కొలత అందరికీ వర్తిస్తుంది.

ఎసటి నీరు

వంటలో మొదటి ద్రవ్యం నీరు. ఈ ప్రాంతంలో దీనిని ఉపేక్షించరాదు. రాయలసీమలో పలుచోట్ల బోరునీటిలో ఫ్లోరైడు అధికం. తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. చుట్టుపట్ల గ్రామాల రైతులు బోరునీటిపై అనుమానాలు వ్యక్తం చేశారు, సంస్థ వాటిని అంగీకరించలేదు. ఆ వివాదంలో తీర్పు చెప్పడం వైద్యుని పని కాదు. నీటిని పరీక్ష చేయించుకొమ్మని చెప్పడం మాత్రం నా విధి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు, యురేనియం 30 మైక్రోగ్రాములు.

కాచిన నీటిలో క్రిములు నశిస్తాయి. చిల్లగింజ అరగదీసి కలిపితే మడ్డి అడుగుకు దిగుతుంది. రాగిబిందెలో నిలువ ఉంచడం మన ఆచారం. కాని కరిగి ఉన్న ఫ్లోరైడును గాని యురేనియాన్ని గాని ఇవేవీ తొలగించలేవు. పైగా కాచేకొద్దీ నీరు ఇగిరి, మిగిలినదానిలో వాటి సాంద్రత పెరుగుతుంది. పరీక్షలో పరిమితి మించితే ఆ నీరు తాగడానికే కాక, వంటకూ పనికిరాదు. ఆర్.ఓ. పద్ధతిలో శుద్ధమైన నీటిని రెండింటికీ వాడవలెను.

తీపికి స్థానమెక్కడ?

భోజనంలో ముందు మధురం, నడుమ పులుపు, ఉప్పు, చివర మిగిలిన రసాలు అని సుశ్రుతుడు క్రమం చెప్పాడు. మన విందులో విస్తరిపై ముందుగా బచ్చాలు వడ్డించి నేయి వేయడం ఈ క్రమానికి సరిపోతుంది. ఆకలిగొన్న కడుపులోని వాతాన్ని మధురరసం శమింపజేస్తుంది. కడుపు నిండిన తరువాత ఐస్‌క్రీం తినే నేటి అలవాటు దీనికి విరుద్ధం.

ఈ క్రమం ఆరోగ్యవంతులకు. చరకుడు ప్రమేహకారణాలలో బెల్లపు వంటకాలను, కొత్త ధాన్యాన్ని, పెరుగును, సుఖాసనాన్ని పేర్కొన్నాడు. కాబట్టి “చక్కెర కాదు, బెల్లమే కదా” అనే మాట మధుమేహం గలవారికి చెల్లదు. పండుగనాడు మనసు చంపుకోలేకపోతే కూర, పప్పు తిన్న తరువాత రెండు చెంచాలు రుచి చూడవచ్చు. ఆ పూట ముద్ద తగ్గించాలి.

కొర్రపాశానికి అర గ్లాసు కొర్రలు రెండు గంటలు నానబెట్టి, వేయించిన పావు గ్లాసు పెసరపప్పుతో కలిపి మూడు గ్లాసుల నీటిలో మెత్తగా ఉడికించవలెను. ముప్పావు గ్లాసు బెల్లం కరిగించి, వడగట్టి పోయవలెను. ఏలకులు, నేయి చేర్చి దించి, కొంత చల్లారిన తరువాతనే కాచి చల్లార్చిన పాలు కలుపవలెను. వేడిమీద కలిపితే పాలు విరిగిపోతాయి. బెల్లం పోయకముందే మామగారి కోసం ఒక గిన్నె తీసి, పాలు, ఏలకులు మాత్రమే కలిపి ఇస్తే వారూ పండుగ వంట తిన్నవారవుతారు.

చివరగా ఒక మనవి. ఆహారం మార్చినంత మాత్రాన మధుమేహపు మాత్రలు మీ అంతట మీరు మానరాదు. తిండి తగ్గి మందు యథాతథంగా వాడితే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం కూడా కలదు. మార్పు మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయించి, మీ వైద్యునికి తెలిపి, నెల తరువాత మరల పరీక్షించుకోండి.